గెంతిస్తే లెక్క వస్తుందా? కదలికతో పాఠం చెప్పేటప్పుడు ఎక్కడ బెడిసికొడుతుంది

మాస్టారూ, మీరు అడిగింది ఇది: రాజోలు వైపు ప్రాథమిక పాఠశాల, 3, 4, 5 తరగతులు కలిపి 34 మంది, చూసుకునేది మీరొక్కరే. శిక్షణలో చెప్పినట్టు పిల్లల్ని లేపి, గెంతిస్తూ, చప్పట్లు కొట్టిస్తూ ఎక్కాలు చెప్పించారు. గది హోరెత్తింది. వారం పోయాక పలక మీద లెక్క ఇస్తే మళ్ళీ పాత తప్పులే. ఈ పద్ధతి మన బళ్ళకు పనికిరాదా అని మీ సందేహం.

పనికొస్తుందండి. మీరు ఎంచుకున్న గెంతు పనికిరాలేదు, అంతే. ఏడో ఎక్కం చదువుతూ ఒక్కో మెట్టుకి ఒక్కో గెంతు గెంతితే ఆ గెంతుకీ ఏడుకీ చుట్టరికం లేదు. కూర్చుని చదివినా, ఒంటికాలి మీద చదివినా అదే పాట. గచ్చు మీద సంఖ్యారేఖ గీసి, 0 మీద నిలబడి, నాలుగేసి అడుగులకు ఒకసారి ఆగుతూ 4, 8, 12 మీద కాలు పెడితే మాత్రం అక్కడ నడకే లెక్క. ఏ కృత్యం ఎంచుకున్నా ముందు ఒకటి చూసుకోండి: కదలిక తీసేస్తే లెక్క కూడా మాయమవుతుందా? కాకపోతే అది వ్యాయామం. మంచిదే, కానీ దాన్ని గణితం పీరియడ్‌లో కలపకండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. "వీడు కదిలితేనే నేర్చుకునే రకం, ఆ పిల్ల వింటే నేర్చుకునే రకం" అని పిల్లలకు చీటీలు అంటించే ఫారాలు శిక్షణల్లో తిరుగుతుంటాయి. పిల్లల్ని అలా రకాలుగా విడగొట్టి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి గట్టి రుజువు లేదు. స్థాన విలువ అందరూ చేత్తో పట్టుకోవాల్సిందే, అందరూ చివరికి కాగితం మీద రాయాల్సిందే.

ఇక గచ్చు మీది సంఖ్యారేఖ. సుద్దతో గీస్తే 34 జతల కాళ్ళ కింద రెండు పీరియడ్లు కూడా నిలవదు. రంగు టేపు వానాకాలం చెమ్మ గచ్చుకి అంటుకోదు. అన్నిటికన్నా చవకైంది పాత ఫ్లెక్సీ. మన ఊళ్ళలో దానికి కొదవ లేదు కదా. అరమీటరు వెడల్పున చీల్చి, తెల్లగా ఉన్న వెనక వైపు పర్మనెంట్ మార్కరుతో గీయండి. గుర్తుకీ గుర్తుకీ మధ్య 25 సెంటీమీటర్లు పెడితే 0 నుంచి 20 వరకు 5 మీటర్లు, వరండాలో సరిపోతుంది. 30 పెడితే 6 మీటర్లు అవుతుంది, చివర పిల్ల గోడకు కొట్టుకుంటుంది. తడి గచ్చు మీద ఫ్లెక్సీ జారుతుంది కాబట్టి పొడిగా ఉన్నప్పుడే పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టండి. పని అయ్యాక చాపలా చుట్టేయొచ్చు.

గళ్ళు గీయకండి, అడ్డగీతలు గీయండి. సగం తప్పులు ఇక్కడే పుడతాయి. తొక్కుడుబిళ్ళ గళ్ళలాగా గీసి గడిలో అంకె వేస్తే 5 + 3 చేయమన్నప్పుడు పిల్ల ఏం చేస్తుందో చూడండి: 5 గడిలో నిలబడి "ఒకటి" అంటుంది, 6లోకి వెళ్ళి "రెండు", 7లోకి వెళ్ళి "మూడు", అక్కడ ఆగి "ఏడు" అంటుంది. చింతగింజలు లెక్కపెట్టేటప్పుడు ప్రతి గింజకూ ఒక అంకె చెప్పడం అలవాటు. ఇక్కడ లెక్కపెట్టాల్సింది నిలబడ్డ చోట్లను కాదు, దాటిన ఎడాలను. అందుకే అంకెలు గీతల మీద ఉండాలి. రెండు కాళ్ళూ గీత మీద పెట్టాక, తర్వాతి గీత మీద పాదం ఆనినప్పుడే నోరు తెరవాలన్నది నియమం. అయినా పొరపడే పిల్లల చేత దాటిన ప్రతి ఎడంలో ఒక ఈనెపుల్ల పెట్టించండి. చివర పుల్లలు లెక్కపెడితే ఎక్కడ తప్పిందో వాళ్ళకే తెలిసిపోతుంది, మీరు చెప్పక్కర్లేదు.

తీసివేతకు చాలామంది వెనక్కి నడిపిస్తారు. అలా చేయకండి. కూడికైతే పెద్ద అంకెల వైపు ముఖం, తీసివేతైతే తిరిగి చిన్న అంకెల వైపు ముఖం, నడక మాత్రం రెంటికీ ముందుకే. వెనక నడకను రుణ సంఖ్యల కోసం దాచిపెట్టండి. పై తరగతిలో 5 − (−2) వచ్చినప్పుడు 5 మీద నిలబడి, తీసివేత గనక ఎడమకు తిరిగి, రుణం గనక రెండడుగులు వెనక్కి వేస్తే 7 మీదికి చేరతారు. వెనక నడకను ఇప్పుడే తీసివేతకు ఖర్చు చేసేస్తే అప్పుడు చూపించడానికి దారి ఉండదు.

మీ 3, 4 తరగతులకు అసలు చిక్కు అప్పు తెచ్చే తీసివేత. దీనికి కొన్న పూసలూ ప్లాస్టిక్ దిమ్మలూ అక్కర్లేదు, కోనసీమలో ఈనెలకు కరువా. ఒక కొబ్బరి మట్టకు రెండు వందలకు పైగా ఈనెలు వస్తాయి, గుంపుకొక మట్ట చాలు. ఈనె మొదలు లావు, కొస సన్నం కాబట్టి మొదటి వైపు నుంచే 15 సెంటీమీటర్ల ముక్క తీయండి. అన్నీ ఒకే పొడవుండాలి. లేకపోతే పిల్లలు పొడుగు పుల్లని "పెద్దది" అనుకుని పదుల్లో పెడతారు. కోసిన చివరలు గుచ్చుకుంటాయి, గరుకు గచ్చు మీద ఒకసారి రుద్దాలి. ఈనెలు పట్టుకుని పరుగులు ఉండవని మొదటి రోజే కచ్చితంగా చెప్పండి, కళ్ళతో వ్యవహారం.

గుంపుకి 20 విడి పుల్లలు, 9 పదుల కట్టలు, ఒక వంద కట్ట. మొత్తం 210. వంద కట్టలో వంద విడి పుల్లలు పెట్టి కడితే పాఠం పాడైపోతుంది. దాని లోపల పది పదుల కట్టలే ఉండాలి. ఎందుకన్నది కిందకొస్తే తెలుస్తుంది. రబ్బరు బ్యాండ్లు మన ఉక్కకి కొన్నాళ్ళకే బంకలా అవుతాయి, పైగా బిగుసుకుంటే పిల్లల వేళ్ళకి రావు. తడిపిన అరటి నారతో జారుముడి వేస్తే ఒక్క లాగుకి విడుతుంది.

ఇద్దరిద్దరు కూర్చోవాలి, ఒకరి చేతిలో కట్టలు, మరొకరి చేతిలో పలక. 132 − 58 తీసుకోండి. ముందు వంద ఒకటి, పదులు మూడు, విడివి రెండు. ఎనిమిది విడి పుల్లలు ఇవ్వాలి, ఉన్నవి రెండే. ఒక పది కట్ట ముడి లాగుతారు. ఆ ముడి విడిన క్షణంలోనే పలక పట్టుకున్న పిల్ల 3 కొట్టేసి 2 రాయాలి, ఒకట్ల మీద 12 వేయాలి. ఎనిమిది తీస్తే నాలుగు మిగిలాయి. పదుల్లో రెండే ఉన్నాయి, ఐదు కావాలి. వంద కట్ట విప్పితే పది పదులు వచ్చి పడి, పన్నెండు అవుతాయి. ఐదు తీస్తే ఏడు. జవాబు 74.

ఇందులో ప్రాణమంతా "ముడి విడిన క్షణంలోనే" అన్నదానిలో ఉంది. చాలా బళ్ళలో ముందు కట్టలతో లెక్కంతా చేయించి, అవి పక్కన పెట్టించి, తర్వాత నోటుబుక్కులో రాయిస్తారు. అప్పుడు పిల్లల బుర్రలో అవి రెండు వేరు వేరు పనులు. కట్టల లెక్క కట్టలది, కాగితం లెక్క కాగితానిది. కాగితం మీద కొట్టేసే ప్రతి అంకె ఒక ముడి విప్పడానికి గుర్తు అని తెలియాలంటే రెండూ ఒకేసారి జరగాలి. రెండు లెక్కలకొకసారి చేతులు మార్పించండి. లేకపోతే చురుకైనవాడు కట్టలు పట్టుకుని వదలడు.

105 − 68 లాంటి సున్నా ఉన్న లెక్కకు వచ్చేసరికి వంద కట్ట లోపలి అమరిక అక్కరకొస్తుంది. కాగితం మీద పిల్లలు వందలోంచి సరాసరి ఒకట్లకి పది తెచ్చేస్తారు, మధ్యలో పదుల గడి సున్నాగానే ఉండిపోతుంది. కట్టలతో ఆ తప్పు చేయడం కుదరదు. వంద విప్పితే చేతికొచ్చేవి పది పదులే, వాటిలో ఒకటి విప్పితేనే విడి పుల్లలు. మిగిలినవి తొమ్మిది పదులు, పదిహేను విడివి. ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో కళ్ళెదురుగా కనబడుతుంది. జవాబు 37.

కొందరు పిల్లలు కట్ట విప్పకుండా, పక్కనున్న విడి పుల్లలు కూడా కలిపేసుకుని ఒక్కొక్కటే లెక్కపెడతారు. జవాబు సరిగ్గానే వస్తుంది కాబట్టి మీ కంటబడదు. అలాంటి జంటకి విడి పుల్లలు తొమ్మిదికి మించి ముందు ఉంచకండి, మిగతావి డబ్బాలో మూసిపెట్టండి. అప్పుడు కట్ట ముట్టుకోక తప్పదు.

ఐదో తరగతి దశాంశాలకు మన దగ్గర మంచి వస్తువు ఉంది. వరదలొచ్చినప్పుడు ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. జులై, ఆగస్టుల్లో ఈ అంకెలు లంక గ్రామాల పిల్లలు టీవీలో, ఫోన్లో, అరుగుల మీద వింటూనే ఉంటారు. "పదకొండు పాయింట్ డెబ్బై ఐదు" అంటే ఎంత అని అడిగితే మాత్రం ఎక్కువమంది పదకొండు అడుగుల డెబ్బై ఐదు అంగుళాలు అంటారు.

వరండా గచ్చు మీద 18 అడుగుల గీత గీసి అడుగడుక్కీ గుర్తు పెట్టండి. సరిగ్గా అడుగు పొడవుండే రెండు అట్టపట్టీలు కోయండి, అంటే 30.5 సెంటీమీటర్లు. ఒకదాన్ని పది భాగాలు చేయాలి, భాగానికి 3 సెంటీమీటర్ల మీద అర మిల్లీమీటరు. రెండోదాన్ని పన్నెండు అంగుళాలు చేయాలి. ఎవరినైనా 11.75 మీద నిలబడమనండి. "75 అంగుళాలు" అన్న పిల్లని ఆపొద్దు, 11 గుర్తు దగ్గర నుంచి అంగుళాల పట్టీతో కొలుచుకుంటూ పోనివ్వండి. 75 అంగుళాలంటే 6 అడుగుల 3 అంగుళాలు, కాబట్టి 17 అడుగుల 3 అంగుళాల దగ్గర తేలుతుంది. మొదటి హెచ్చరికకే దాదాపు మూడో హెచ్చరిక దాకా నీళ్ళు తెచ్చేసిందన్నమాట. మిగతా పిల్లలు ఊరుకోరు, గోల చేస్తారు. ఆ గోల మంచిదే.

తర్వాత 11కీ 12కీ మధ్య రెండు పట్టీలనూ ఒకదాని పక్కన ఒకటి పరిపించండి. పదుల పట్టీ మీద ఏడుకీ ఎనిమిదికీ సరిగ్గా నడుమ .75 పడుతుంది. అంగుళాల పట్టీ మీద అదే చోట 9 ఉంటుంది. పదకొండడుగుల తొమ్మిదంగుళాలు. ఆ రెండు పట్టీల మీద వేలు పెట్టి నిలువుగా గీత గీసిన పిల్ల ఆ తేడాను మళ్ళీ కలపదు. ఇంకోటి కూడా అడగండి: 11.8 ఎక్కువా, 11.75 ఎక్కువా? 75 పెద్దది కదా అని 11.75 అంటారు. జవాబు మీరు చెప్పకుండా ఇద్దరిని రెండు చోట్ల నిలబెట్టండి, ఎవరు ముందున్నారో చూసుకుంటారు.

ఒక జాగ్రత్త. అది బ్యారేజీ దగ్గర గేజీ చూపించే మట్టం, మన వీధిలో నీటి లోతు కాదు. ఈ ముక్క ముందే చెప్పాలి. ఇల్లు మునిగిన పిల్లలు తరగతిలో ఉంటే ఆ ఏడు వరదను ఉదాహరణగా తీయకండి, అంకెల దగ్గరే ఆగండి.

చుట్టుకొలత, వైశాల్యం మూడు తరగతులనూ కలిపి ఒకేసారి చేయించొచ్చు. 24 మీటర్ల తాడు కావాలి. కొత్త కొబ్బరితాడు లాగితే సాగుతుంది, పిల్లల అరచేతులు కూడా కోసుకుంటాయి. వల కట్టే నైలాన్ తాడు నయం. మీటరుకొక రంగు గుడ్డపీలిక కట్టండి. ముడులు వేస్తే ప్రతి ముడికీ తాడు కాస్త తినేసి చివరికి కొలత తగ్గుతుంది. చివరలు కలిపి వలయం చేశాక టేపుతో మళ్ళీ ఒకసారి చూసుకోండి.

మూలకొకరు నలుగురు తాడు పట్టుకుని 6 × 6 చతురస్రం నిలబెడతారు. ఇసుక నేలైతే పీలిక నుంచి ఎదుటి పీలికకు పుల్లతో గీతలు గీస్తే 36 గళ్ళు పడతాయి. మిగిలిన 30 మంది గడికొకరు నిలబడతారు, ఆరు గళ్ళు ఖాళీ. ఇప్పుడు ఆపి పలకల మీద రాయించండి: ఇదే తాడుతో 8 × 4 చేస్తే చోటు పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా? తాడు మారలేదు కాబట్టి "అంతే" అని రాసేవాళ్ళే ఎక్కువ. రాయించకుండా చేయిస్తే తర్వాత అందరూ "నాకు ముందే తెలుసు" అంటారు, పాఠం గాలికి పోతుంది. 8 × 4లో 32 గళ్ళు, అందరూ ఇరుకుగా పట్టారు. 10 × 2లో 20, పదిమంది బయటపడ్డారు. 11 × 1లో పదకొండు మందే నిలబడి, పంతొమ్మిది మంది బయట నిలబడి చూస్తుంటారు. తాడు అదే, చోటు పోయింది. చుట్టుకొలత, వైశాల్యం అన్న పేర్లూ వాటి సూత్రాలూ ఇప్పుడు చెప్పండి, ముందు కాదు.

మూలలు వంకర పోవడం ఇందులో పెద్ద తలనొప్పి. 12 మీటర్ల తాడుని 3, 4, 5 మీటర్ల భుజాలతో త్రిభుజంగా లాగితే 3కీ 4కీ మధ్య మూల లంబకోణం, దాన్ని ఆనవాలుగా పెట్టుకోండి. ఐదో తరగతి వాళ్ళతో మర్నాడు ఇంకొంచెం ముందుకు వెళ్ళొచ్చు. 6 మీటర్ల 36 సెంటీమీటర్ల భుజంతో చతురస్రం వేయించండి, మూల నుంచి ఎదుటి మూలకు 9 మీటర్లు వస్తే సరిగ్గా పడినట్టు. అది దాదాపు ఒక సెంటు నేల, 40.47 చదరపు మీటర్లు. ఇంట్లో రోజూ వినే సెంటు ఇంత ఉంటుందని చాలామంది పిల్లలకు అప్పటిదాకా తెలియదు. ఇలాంటివి వంద కలిస్తే ఎకరం, శాతాలకు అక్కడి నుంచే దారి తీయొచ్చు. "మీకెన్ని ఎకరాలు" అని మాత్రం అడగకండి. తరగతిలో సగం మంది కౌలు, కూలి ఇళ్ళవాళ్ళే ఉంటారు. బడి స్థలాన్నే కొలవండి.

34 మందినీ ఒకేసారి లేపడం మీరు చేసిన రెండో పొరపాటు. తాడు పనికి తప్ప ఇంకెక్కడా అందరూ ఒకేసారి కదలక్కర్లేదు. 40 నిమిషాల్లో అంచనా రాయడానికి 5, చేయడానికి 15, రాతకు 15, సామాన్లు తీయడానికి 5. చేసే పావుగంటలో కూడా సగం మంది నడుస్తుంటే సగం మంది పలక మీద రాస్తుండాలి. ఈల వాడకండి, ఈల వినగానే వాళ్ళకి ఆటల పీరియడ్ గుర్తొస్తుంది. మూడు చప్పట్లు, బదులుగా వాళ్ళవి రెండు, అంతటితో నోళ్ళు మూత. భోజనం అయిన వెంటనే ఈ పీరియడ్ పెట్టుకోవద్దు. ఒంటిపూట బడుల రోజుల్లో పది దాటితే వట్టి కాళ్ళతో ఎండలోకి పంపకండి. వానల్లో వరండా అంచున నాచు ఉంటే ముందు గీకించండి.

నడవలేని పిల్ల ఉంటే లెక్కలు రాసే పని అప్పగించి ఊరుకోకండి. ఎటు తిరగాలో, ఎన్ని అడుగులు వేయాలో ఆ పిల్ల చెప్పాలి, ఇంకొకరు అచ్చంగా అలాగే నడవాలి. నిర్ణయం ఎవరిదైతే నేర్చుకునేది వాళ్ళే.

ఆఖరుగా, నేల మీద నుంచి కాగితం మీదకు దించడం. అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో చేత, బొమ్మ, గుర్తు అని మూడు మెట్లు చెప్పింది ఇదే. మొదటి రోజు కాళ్ళతో, రెండో రోజు బల్ల మీద చిన్న గీత పెట్టి వేళ్ళతో, మూడో రోజు నోటుబుక్కులో గీసుకుని, నాలుగో రోజు వట్టి అంకెలతో. మీ ఎక్కాలకు మొదటి రోజు ఉంది, మిగతా మూడు లేవు. తప్పు చేసిన పిల్లని మళ్ళీ మొదటికి పంపకండి, ఒక్క మెట్టు కిందికి చాలు. వారం పోయాక మూడే లెక్కలు ఇవ్వండి: 132 − 58 లాంటిది ఒకటి, సున్నా ఉన్నది ఒకటి, అదే అంకెలతో చిన్న కథ లెక్క ఒకటి. మొదటిది వచ్చి రెండోది రాకపోతే వంద కట్ట విప్పే పని తక్కువైంది. రెండూ వచ్చి కథ లెక్క తప్పితే అది తీసివేత చిక్కు కాదు, చదవడం చిక్కు. దానికి కట్టలు విప్పించి లాభం లేదు, తెలుగు పీరియడ్‌లో చూసుకోవాలి.

ఈనెల కట్టలు వాడాక నెలకోసారి ఎండలో పెట్టించండి, లేదంటే వానాకాలంలో బూజు పట్టి నార తెగుతుంది.